జామాయిల్ కాండము గులాబిరంగు దాల్చుట యెందుకు?

కేరళ కొండవాలులందు నైరృతి ఋతుపవనము ఎడతెగక వర్షించు మాసములలో, ఏపుగ నెదుగుచున్న లేత జామాయిల్ చెట్ల కాండములపై మొదట సాలెగూటి వంటి తెల్లని దారములును, పిమ్మట గులాబిరంగు పొరయు కనబడుట కద్దు. చూపునకు సుందరమైన ఆ పొరయే చెట్టునకు ప్రాణాంతకమైన శిలీంధ్రము; దానినుండి వెలువడు సిద్ధబీజములను తడిగాలి పొరుగు చెట్లకు చేర్చును.

బెరడుపై పెరుగు నీ సూక్ష్మజీవి అంతటి చెట్టు నెట్లు చంపగలదు? బెరడు లోపలనే, ఆకులు సిద్ధపరచిన ఆహారమును వేళ్లకు గొనిపోవు కణజాలమును, కాండమును లావెక్కించు పలుచని కణముల పొరయు నున్నవి. శిలీంధ్రము వానిని చంపుచు కాండమును వలయముగ చుట్టివేసినచో, పైభాగము క్రమముగ ఎండిపోవును. క్రింద నిద్రాణములైన మొగ్గలు మేల్కొని కొత్తకొమ్మలు వేయును గాని, చెట్టు మరల తిన్నని మ్రాను కాజాలదు. కావుననే అధికవర్షపాతము గల తావులలో, ఈ తెగులును తట్టుకొను రకములనే యెంచి నాటవలెను.