రొమ్ము శస్త్రచికిత్స తర్వాత సౌకర్యమైన బ్రా: ఎంపిక వెనుక ఉన్న సైన్సు

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున చేతికిచ్చే కాగితాల్లో మందుల పేర్లుంటాయి, డ్రెయిన్ గొట్టాన్ని ఎలా చూసుకోవాలో ఉంటుంది, మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ ఉంటుంది. మరునాడు ఉదయం బట్టలు మార్చుకునేటప్పుడు లోపల ఏం వేసుకోవాలన్న ప్రశ్నకు మాత్రం చాలాసార్లు ఆ కాగితాల్లో జవాబు దొరకదు. పాత బ్రా వేసుకుంటే దాని అంచు సరిగ్గా కుట్ల మీదకే వస్తుంది. డాక్టరును అడగాలంటే మొహమాటం, దుకాణంలో అడగాలంటే సిగ్గు. ఇంట్లో అంటే, "ప్రాణం దక్కింది, ఇప్పుడు అదంత ముఖ్యమా?" అనే మాట వినిపిస్తుంది.

అది ముఖ్యమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 1,92,000 మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ నిర్ధారణ అయింది. వీరిలో చాలామందికి చికిత్సలో భాగంగా ఏదో ఒక శస్త్రచికిత్స జరుగుతుంది. ఆ తర్వాత ఒంటికి తగిన బ్రా దొరకడం అలంకారానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. గాయం మానడం, చెయ్యి స్వేచ్ఛగా కదలడం, ధైర్యంగా బయటికి అడుగుపెట్టడం దానితో ముడిపడి ఉన్నాయి. ఎంపికకు కావలసిన సూత్రాలు కూడా పాఠశాల భౌతికశాస్త్రంలో ఉన్నవే: బరువు, ఒత్తిడి, ఘర్షణ.

ఛాతీలో ఏం మారుతుంది?

రొమ్ము శస్త్రచికిత్సలు అన్నీ ఒకటి కాదు. గడ్డను, దాని చుట్టూ కొంత కణజాలాన్ని మాత్రమే తీసేది లంపెక్టమీ. రొమ్మును పూర్తిగా తొలగించేది మాస్టెక్టమీ. ఒకప్పుడు దాదాపు అందరికీ పెద్ద ఆపరేషనే చేసేవారు. 19వ శతాబ్దం చివర అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలనూ తీసేసేవారు. తగిన రోగులకు గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుర్దాయంలో తేడా రాదని బెర్నార్డ్ ఫిషర్ బృందం 20 ఏళ్ళ పరిశీలన తర్వాత 2002లో ప్రకటించింది. అందుకే ఇప్పుడు బ్రా అవసరాలు కూడా రకరకాలు. ఒకరికి ఒకవైపు పూర్తిగా చదునుగా ఉంటుంది. ఇంకొకరికి రెండు రొమ్ములూ ఉంటాయి, కానీ ఒకటి చిన్నదవుతుంది, లేదా కొన్ని నెలలపాటు వాచి బరువుగా ఉంటుంది.

చంకలోని లింఫ్ గ్రంథులు తీసినప్పుడు మరో రెండు మార్పులు వస్తాయి. పై చేతి లోపలి వైపు స్పర్శనిచ్చే నరం దెబ్బతింటే అక్కడ తిమ్మిరిగానో మంటగానో ఉంటుంది. తిమ్మిరి ఉన్నచోట పట్టీ ఒరుసుకుంటున్నా తెలియదు, పుండు పడ్డాకే కనిపిస్తుంది. రెండోది లింఫెడిమా, అంటే లింఫ్ ద్రవం సరిగా వెనక్కి పోలేక చెయ్యి, రొమ్ము లేదా ఛాతీ పక్కభాగం వాయడం. 2013లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం చంక గ్రంథులను ఎక్కువగా తీసినవారిలో సుమారు 20 శాతం మందికి చేతి వాపు వస్తే, ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించే సెంటినెల్ పద్ధతిలో అది దాదాపు 6 శాతం.

బరువు ఎక్కడ పడుతోంది?

బ్రా బరువునంతా భుజాల మీది పట్టీలే మోస్తాయని చాలామంది అనుకుంటారు. సరిగ్గా సరిపోయిన బ్రాలో ఎక్కువ బరువును మోసేది ఛాతీ చుట్టూ ఉండే కింది పట్టీ. అది వదులైతే భారమంతా భుజాల మీదకు వెళ్తుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 500 మిల్లీలీటర్ల పరిమాణమున్న రొమ్ము బరువు దాదాపు అర కిలో, అంటే సుమారు 5 న్యూటన్ల బలం. ఆ బరువంతా ఒకే పట్టీ మీద, భుజంపై 5 సెంటీమీటర్ల పొడవున పడిందనుకుందాం. పట్టీ వెడల్పు 1 సెంటీమీటరైతే అక్కడి ఒత్తిడి, బీపీ కొలిచే ప్రమాణంలో చెప్పాలంటే, సుమారు 75 మిల్లీమీటర్ల పాదరసం. అదే పట్టీ 2.5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 30 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. చర్మంలోని సన్నని రక్తకేశనాళికల్లో పీడనం కూడా ఇంచుమించు ఆ స్థాయిదే. లింఫ్ నాళాల్లో పీడనం ఇంకా తక్కువ. సన్నని పట్టీ భుజం మీద ఎర్రని గాడి వేయడానికి, వాపు ముప్పు ఉన్నవారిని వెడల్పు పట్టీలు ఎంచుకోమనడానికి కారణం ఇదే.

ఒకవైపే రొమ్ము ఉన్నప్పుడు త్రాసులో ఒక పళ్ళెం ఖాళీ అయినట్టవుతుంది. ఉన్న వైపు బరువు బ్రాను కిందికి లాగుతుంది, ఖాళీ కప్పు మెల్లగా పైకి జరుగుతుంది. రోజంతా దాన్ని కిందికి లాక్కోవాల్సి రావడం మహిళలకు పెద్ద చికాకు.

చెమట, ఘర్షణ

విదేశీ సలహా పుస్తకాల్లో అంతగా కనిపించని సమస్య మన దగ్గర ఉంది. విజయవాడలోనో విశాఖలోనో మే నెల ఉక్కలో చెమట త్వరగా ఆవిరి కాదు. తడిసిన చర్మం మీద గుడ్డ కదిలితే పొడి చర్మం మీదకంటే ఘర్షణ ఎక్కువ. రేడియేషన్ తీసుకున్నవారికి చర్మం ఎర్రబడటం, పొట్టు లేవడం సాధారణం. చికిత్స ముగిసిన తర్వాత కూడా ఒకటి రెండు వారాలు అది పెరగవచ్చు. చంక, రొమ్ము కింది మడత లాంటి చోట్ల ఎక్కువగా బాధిస్తుంది. బ్రా అంచులు, కుట్లు, లేబుళ్ళు వచ్చేదీ అక్కడే.

అందుకే ఈ దశలో మెత్తని నూలు బట్ట, వీలైనంత తక్కువ కుట్లు, లోపల లేసు లేని బ్రా మేలు. చెమట పట్టగానే మార్చుకోవడానికి రెండు మూడు దగ్గర ఉండాలి. చర్మం చిట్లి ఉంటే కొన్ని రోజులు బ్రా మానేసి వదులైన నూలు బనీను వేసుకోవచ్చు.

వారాలను బట్టి మారే అవసరం

మొదటి కొన్ని వారాల్లో చేతులు పైకెత్తడం, వీపు వెనక్కి పోనివ్వడం కష్టం. ముందువైపు హుక్కులో జిప్పో ఉన్న మెత్తని బ్రా అప్పుడు అనువుగా ఉంటుంది. లోపల ఇనుప తీగ ఉండకూడదు. లంపెక్టమీ తర్వాత కొందరు సర్జన్లు రాత్రి కూడా మెత్తని బ్రా వేసుకోమంటారు. రొమ్ము కదలిక తగ్గితే నొప్పి తగ్గుతుందన్నది దీని వెనుక ఆలోచన. వాపు వల్ల పాత బ్రా బిగుతైతే వెనక హుక్కులకు తగిలించే చిన్న అదనపు పట్టీ దొరుకుతుంది, కొత్త బ్రా కొనే పని తప్పుతుంది.

గాయం పూర్తిగా మాని, నొప్పి తగ్గాక, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు, బరువైన కృత్రిమ రొమ్ము వాడటం మొదలుపెడతారు. రేడియేషన్ ఉంటే చర్మం కోలుకునేదాకా ఆగాలి. ఇంప్లాంటుతో గానీ సొంత కణజాలంతో గానీ రొమ్మును పునర్నిర్మించినవారు ఎప్పుడు, ఎంత బిగుతుగా వేసుకోవచ్చో ఆపరేషన్ చేసిన సర్జనే చెప్పాలి. కొత్తగా అమర్చిన కణజాలానికి రక్తప్రసరణ కీలకం, దాన్ని నొక్కేదేదీ పనికిరాదు.

ఖాళీ కప్పులో ఏం పెట్టాలి?

బార్బీ బొమ్మను సృష్టించిన రూత్ హ్యాండ్లర్‌కు 1970లో రొమ్ము క్యాన్సర్ వచ్చి మాస్టెక్టమీ జరిగింది. అప్పటి కృత్రిమ రొమ్ములు ఆమెకు ఏమాత్రం నచ్చలేదు. చెప్పుల్లో కుడి ఎడమలు ఉన్నట్టే వీటిలోనూ ఉండాలని ఆమె పట్టుబట్టి, ఆ దశకంలోనే సొంతంగా తయారీ మొదలుపెట్టారు.

నేడు దొరికే సిలికోన్ రొమ్ముల సాంద్రత నీటికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి అవి సహజ రొమ్ముకు దగ్గరి బరువుతో, కప్పును దాని స్థానంలో నిలబెడతాయి. వాటి ఖరీదు మాత్రం వేల రూపాయల్లో ఉంటుంది. వేసవిలో వాటి కింద చెమట నిలిచిపోతుంది. బ్రా లోపల జేబు ఉండి, అందులో పెట్టుకుంటే చర్మానికి నేరుగా తగలదు. అలాంటి బ్రా దొరకకపోతే మామూలు నూలు బ్రా లోపలే మెత్తని గుడ్డతో జేబు కుట్టించుకోవచ్చు.

తేలికైన ప్రత్యామ్నాయం అల్లిక రొమ్ము. మెత్తని దారంతో అల్లి, లోపల దూదిలాంటి నార నింపుతారు. అమెరికాలో బార్బరా డెమొరెస్ట్ అనే మహిళ తన ఆపరేషన్ తర్వాత మొదలుపెట్టిన 'నిటెడ్ నాకర్స్' ఉద్యమం చాలా దేశాలకు పాకింది. మన దేశంలో ముంబయి కేంద్రంగా ఉన్న సాయిషా ఇండియా ఫౌండేషన్ స్వచ్ఛంద కార్యకర్తలు ఇలాంటివి అల్లి ఉచితంగా ఇస్తున్నారు. ఇవి ఉతుక్కోవచ్చు, గాలి ఆడుతుంది. తేలిక కాబట్టి పైకి జరగవచ్చు. జేబులో పెట్టుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఏమీ పెట్టుకోకుండా ఉండటమూ ఒక ఎంపికే. ఒకవైపు బరువు లేకపోతే వెన్ను తప్పక వంగిపోతుందని భయపెడుతుంటారు. దీనిమీద పరిశోధనల ఫలితాలు ఒకే దిశలో లేవు. సౌకర్యంగా ఉన్న మహిళను భయపెట్టి బరువు మోయించనక్కర్లేదు.

జాకెట్టు, పైట, పిన్నీసు

చీర కట్టేవారికి జాకెట్టు కూడా బ్రాలో సగం పని చేస్తుంది. ముందు హుక్కులుండే మన జాకెట్టు, చెయ్యి ఎత్తలేని రోజుల్లో నిజంగా ఉపకారి. పాత కొలతలతో కుట్టిన జాకెట్టుకు రెండువైపులా ఒకే డాట్లు ఉంటాయి కాబట్టి ఒకవైపు ముడతలు పడుతుంది. టైలరుతో రెండు వైపులా విడివిడిగా కొలతలు తీయించుకుంటే ఆ తేడా పోతుంది. బ్రా అలవాటు లేని పెద్ద వయసు మహిళలకు జాకెట్టు లోపలే జేబు కుట్టించవచ్చు. ఆపరేషన్ జరిగిన వైపు చంక, చేతి అంచు బిగుతుగా ఉండకూడదు. సాయంత్రానికి చేతిమీద అచ్చు పడుతోందంటే వదులు చేయించాలి.

పైట పడేది ఎడమ భుజం మీద. ఎడమవైపు ఆపరేషన్ అయినవారికి పైట ఆకారాన్ని కప్పుతుంది కానీ, పట్టుచీర కొంగు బరువంతా ఆ భుజం మీదే పడుతుంది. తేలికైన చీరలతో మొదలుపెట్టడం సుఖం. మరో జాగ్రత్త: పైటకు పెట్టే పిన్నీసు సిలికోన్ రొమ్ముకు తగిలితే చిల్లు పడుతుంది. పిన్ను భుజం పైనే ఉండాలి, కప్పు దగ్గరికి రాకూడదు.

అద్దం ముందు ఐదు నిమిషాలు

కొత్త బ్రాను వేసుకుని చూసే వీలుంటే నాలుగు సంగతులు గమనించాలి. కింది పట్టీ చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి, రెండు వేళ్ళు దూరేంత వదులు చాలు. రెండు కప్పుల మధ్య భాగం ఛాతీకి ఆనుకుని ఉండాలి. చేతులు పైకెత్తితే బ్రా పైకి లేవకూడదు. చంక పక్క అంచు మచ్చ మీద పడకూడదు. అరగంట వేసుకుని తీశాక లోతైన గాడి ఉండిపోతే ఆ సైజు పనికిరాదు. చికిత్సలో బరువు, వాపు మారుతుంటాయి కనుక కొన్ని నెలలకోసారి కొలత తీసుకోవాలి. చర్మం ఎర్రబడి వేడిగా ఉన్నా, కొత్తగా వాపు వచ్చినా, గడ్డ తగిలినా అది బ్రా వల్లనే అనుకుని ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుందన్న ప్రచారం చాలామంది మనసులో అపరాధభావం నింపుతోంది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో సుమారు 1,500 మంది మహిళలపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో బ్రాకు, తీగకు, రోజుకు ఎన్ని గంటలు వేసుకున్నారన్నదానికి, రొమ్ము క్యాన్సర్‌కు సంబంధం కనిపించలేదు.

నడక ఆగిపోకుండా

అదే ఏడాది ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన మహిళలపై మరో అధ్యయనం ప్రచురించారు. వ్యాయామం చేసేటప్పుడు బ్రా అసౌకర్యంగా ఉందని చెప్పినవారు తగినంత వ్యాయామం చేయకపోవడానికీ, ఆ అసౌకర్యానికీ సంబంధం ఉందని అందులో తేలింది. ఒకటి రెండోదానికి కారణమని దీంతో రుజువు కాదు. కానీ చికిత్స తర్వాత నీరసం తగ్గడానికీ, భుజం బిగుసుకుపోకుండా ఉండటానికీ వ్యాయామం అవసరమని వైద్యులు చెబుతూనే ఉన్నారు. మచ్చను ఒరుసుకునే పట్టీ ఉన్నప్పుడు ఆ సలహా పాటించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

దీనికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. కట్టు మార్చే నర్సు, "లోపల ఏం వేసుకుంటున్నారమ్మా? ఎక్కడైనా ఒరుసుకుంటోందా?" అని అడిగితే చాలు. నోటితో చెప్పలేకపోయిన ప్రశ్నకు అక్కడే దారి దొరుకుతుంది. ఆ మాట నర్సు అడగకపోతే, తోడు వెళ్ళిన కూతురో చెల్లెలో అడగవచ్చు.