మూడో నంబరు హెచ్చరిక అంటే మా వీధికి ఏమిటి?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఊళ్లో ఎవరినడిగినా ఈ మూడు అంకెలూ చెబుతారు. నీరు ఎంతకొస్తే ఏ రోడ్డు తెగుతుందో, ఏ కాలనీవాళ్లు సామాన్లు సర్దుకోవాలో కూడా ఏళ్ల తరబడి వరదలు చూసినవాళ్లకు ఎరుకే. 2022 జులైలో నది 71 అడుగులు దాటినప్పుడు అంకె వినగానే ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో ఈ ఎరుకే కరువైంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ప్రతి తెర మీదా కనిపించింది. కానీ నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. వెలగలేరు రెగ్యులేటర్ నుంచి వదిలిన నీళ్లకు మళ్లింపు కాలువ గండ్ల నీళ్లు తోడై కాలనీల మీద పడ్డాయి. తమకు ముందుగా ఎవరూ చెప్పలేదని చాలామంది బాధితులు వాపోయారు. భారీ వర్షం కురుస్తుందన్న కబురుకు కొదవ లేదు. ఆ కబురులో తమ వీధి ఊసే లేదు.

విపత్తుల గురించి యూట్యూబ్‌లో, ఫేస్‌బుక్‌లో, పాడ్‌కాస్టుల్లో మాట్లాడేవాళ్లు చెయ్యాల్సిన పని ఇక్కడే ఉందని నా వాదన. వాతావరణ శాఖతో పోటీపడి జోస్యాలు చెప్పడం వాళ్ల పని కాదు. శాఖ చెప్పిన అంకెను వీధి దాకా తీసుకురావాలి. మన దగ్గర హెచ్చరికల కొలతలు ఒకటి కాదు. వాన తీవ్రతకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు. గోదావరి వరదకు మూడు మెట్లు. ఓడరేవుల్లో ఎగరేసే తుఫాను సూచికలు పదకొండు. భద్రాచలంలో మూడో హెచ్చరిక అంటే అన్నిటికన్నా పైమెట్టు. మచిలీపట్నం రేవులో మూడో నంబరు అంటే ఈదురుగాలులు రావొచ్చని ఓడలకు చెప్పే జాగ్రత్త మాత్రమే. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి ‘మూడో ప్రమాద హెచ్చరిక జారీ’ అని ఎర్రక్షరాల థంబ్‌నెయిల్ పెడితే ఒకచోట జనం హడలిపోతారు, ఇంకోచోట తేలిగ్గా తీసుకుంటారు. తేడా వివరించడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు టీవీ బులెటిన్‌కు దొరకవు, పాడ్‌కాస్టుకు దొరుకుతాయి.

అయితే ఈ మాధ్యమాల్లో డబ్బు చూపుల (వ్యూస్) లెక్కన వస్తుంది, చూపులు భయానికి ఎక్కువగా వస్తాయి. 2024 జనవరి 1న జపాన్‌లోని నోటో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు, శిథిలాల కింద ఉన్నాం కాపాడమంటూ ఎక్స్‌లో దొంగ విన్నపాలు వరదలా వచ్చాయి. చూపులకు సొమ్ము ముట్టే ఏర్పాటే అందుకు ఒక కారణమని అక్కడ గట్టిగా చర్చ జరిగింది. సహాయ బృందాలకు అలాంటి ఒక్కో విన్నపం ఎంత కాలాన్ని మింగేస్తుందో ఊహించవచ్చు. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు ‘నాసా చెప్పింది, ఇంకా కుంభవృష్టి ఉంది’ అన్న పుకారు ఫోన్లన్నీ చుట్టబెట్టింది. అది అబద్ధమని ఓపికగా విడమరిచి చెప్పినవాళ్లలో ‘తమిళనాడు వెదర్‌మ్యాన్’గా పేరున్న ప్రదీప్ జాన్ ఒకరు. ఆయన ప్రభుత్వ అధికారిగా మాట్లాడలేదు, సొంత పేజీలో రాశారు. జనాన్ని బెదరగొట్టకుండానే ఎంత పెద్ద గుంపును కూడగట్టవచ్చో అందులో కనిపిస్తుంది. విజయవాడలోనూ నీళ్లు తీశాక బుడమేరుకు మళ్లీ గండి పడిందన్న వదంతి లేచింది, అధికారులు ఖండించాల్సి వచ్చింది. అప్పటికే సర్వం పోగొట్టుకున్నవాళ్లను రెండోసారి పరుగులు పెట్టించడం చిన్న తప్పు కాదు.

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు ప్రభుత్వమే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు మెదపకూడదు అనేవాళ్లున్నారు. తీసిపారేయాల్సిన మాట కాదది. భయాందోళన రేపే అబద్ధపు హెచ్చరికకు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు లేదా జరిమానా విధించవచ్చు. ఆ సెక్షన్ ఉండాల్సిందే. కానీ హెచ్చరిక వెలువడటం వేరు, మనుషులు కదలడం వేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది పోయారు. 1990 మేలో అదే తీరాన్ని అంతటి తుఫానే తాకితే మృతులు వెయ్యి లోపే. ఈ రెండిటి మధ్య కాలంలో ఉపగ్రహాలూ రాడార్లూ వచ్చాయి, నిజమే. వాటితో పాటు తుఫాను షెల్టర్లూ వచ్చాయి, లక్షకు పైగా మనుషుల్ని ముందే తరలించడమూ జరిగింది. పడవను, పశువులను, ఇంటిని వదిలి రమ్మంటే మనిషి ఊరికే రాడు. తెలిసిన గొంతు, తన యాసలో, తన ఊరి పేరు పెట్టి చెబితే వింటాడు. అధికార బులెటిన్‌కు ఆ చనువు ఉండదు.

ఆ చనువుతో చెప్పే వీడియో ఎలా ఉండాలో ఒకటి ఊహించండి. తీరంలోని ఒక పల్లె. కెమెరా తుఫాను షెల్టర్ గుమ్మం దగ్గర మొదలవుతుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఆయన ఊళ్లో లేకపోతే రెండో చెవి ఎవరిదో చెబుతారు. చేతిపంపు ఆడుతోందో లేదో కొట్టి చూపిస్తారు. అక్కణ్నుంచి చివరి ఇంటిదాకా నడిచి, ఏ మలుపులో ముందు నీళ్లు నిలుస్తాయో, ముసలివాళ్లున్న ఇళ్ల నుంచి ఎంతసేపు పడుతుందో కొలుస్తారు. ఒక ఇల్లాలు రేషన్ కార్డు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం పాలిథీన్ సంచిలో చుట్టి, మూతి మడిచి రబ్బరుబ్యాండు వేసి, బీపీ మాత్రల పక్కన పెడుతుంది. తుఫాను పుట్టాక చేసే పోస్టులకైతే ఇంకో నియమం కావాలి: మొదటి వాక్యంలోనే తేదీ, గంట, ఊరు, కబురు ఎక్కడిదో ఉండాలి, ఎప్పటిదాకా చెల్లుతుందో కూడా ఉండాలి. ‘శనివారం రాత్రి 8 గంటల బులెటిన్ ఇది. ఆదివారం పొద్దున 8 దాటితే దీన్ని పంచకండి’ అన్న ఒక్క మాట, నిరుటి వీడియోను ఇవాళ్టిదనుకుని అమెరికా నుంచి కంగారుగా ఇంటికి పంపే పిల్లల్ని కూడా ఆపుతుంది.

తుఫాను రాగానే కరెంటు పోతుంది, టవర్లు కూలతాయి, ఇక ఆన్‌లైన్ ఎందుకు అన్నది మరో ఆక్షేపణ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడ్డాక నగరమంతా రోజుల తరబడి ఫోన్లు పనిచెయ్యక అల్లాడింది. రేవుల్లో పదకొండో నంబరు సూచికకు అర్థమే ‘హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి’ అని. అంటే సంబంధం తెగుతుందని ముందే అనుకుని చేసిన ఏర్పాటు అది. ఆన్‌లైన్‌వాళ్లూ అలాగే ఆలోచించాలి. బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. సిద్ధం కావాల్సిన సంగతులు మార్చిలో, సెప్టెంబరులో చెప్పాలి, ఫోన్‌లో దాచుకునేలా చెప్పాలి. నెట్ పోయినా దాచుకున్న ఆడియో వినపడుతుంది. ఆటో నడిపేవాళ్లకూ, వల అల్లేవాళ్లకూ, చదువురానివాళ్లకూ చెవి ఖాళీగా ఉన్నంత తీరిగ్గా కన్ను ఉండదు. అందుకే ఈ విషయంలో వీడియో కన్నా పాడ్‌కాస్టే మేలనిపిస్తుంది.

ఎండాకాలంలో తుఫాను ముచ్చట ఎవరు చూస్తారని అడగవచ్చు. తక్కువమందే చూస్తారు. షెల్టర్ తాళంచెవి సంగతి ఆ పల్లెలోని మూడొందల గడపలకు తెలిస్తే చాలు, మూడు లక్షల మందికి అక్కర్లేదు. స్మార్ట్‌ఫోన్ లేని ముసలమ్మ మాటేమిటన్నది దీనికన్నా బరువైన ప్రశ్న. 1970 నాటి భోలా తుఫానులో లక్షల ప్రాణాలు పోగొట్టుకున్న బంగ్లాదేశ్, ఆ తర్వాత వేలాది వాలంటీర్లను తయారుచేసుకుంది. వాళ్లు చేతిమైకులతో ఇంటింటికీ తిరుగుతారు. ఆ మైకుకు ఏ ఫోనూ ప్రత్యామ్నాయం కాదు. కానీ మైకులో ఏం వినిపించాలో ఫోను అందించగలదు. కాబట్టి ప్రతి ఎపిసోడ్‌కూ ఒక్క నిమిషం తునక విడిగా చెయ్యాలి. దానికి నేపథ్య సంగీతం వద్దు, చానెల్ ప్రచారం వద్దు. ముందు ఊరి పేరు, తర్వాత చెయ్యాల్సిన పని, ఆఖరున గడువు. పంచాయతీ మైకులోనో, ఆటోకు కట్టిన స్పీకరులోనో అలాగే వినిపించేలా ఉండాలి.