ఎర్ర బానెట్టు, బూడిద ఒళ్లు: ట్రాక్టరు సొగసు గురించి మీకు తెలుసా?

యానాంలో ఏదో ఒక పెట్రోలు బంకు దగ్గర అరగంట నిలబడండి. పుదుచ్చేరి పన్నులు తక్కువ కాబట్టి ఇక్కడ డీజిలు కాస్త చవక. చుట్టుపక్కల ఆంధ్ర ఊళ్ల బళ్లు ట్యాంకు నింపుకోవడానికి ఇటే తిరుగుతాయి. వాటిలో ట్రాక్టర్లను మాత్రం పట్టి చూడండి. నంబరు పలక మీద పీవై 04 అని ఉంటే యానాం బండి. ఏపీ 05 అంటే ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాది. ఏపీ 39 అయితే రాష్ట్రమంతటికీ ఒకే కోడు పెట్టిన 2019 తరవాతది.

అసలు నంబరు చూడకుండా, ముఖం చూసి బండి వయసు చెప్పగలరా? చెప్పొచ్చు. గుండ్రంగా వంగిన బానెట్టు, రెండు పక్కలా విడిగా నిలబడ్డ గుండ్రటి దీపాలు, నిలువు కమ్మీల జాలీ ఉంటే అది తాతల కాలపు పోలిక. పదునైన అంచులు, కళ్లు చికిలించినట్టుండే హెడ్‌లైట్లు, ఒళ్లంతా స్టిక్కర్లు ఉంటే ఈ కాలపుది. ఈ రెండు ముఖాల మధ్య దాదాపు నూరేళ్ల కథ ఉంది. మన మడి గట్టు దాకా వచ్చిన కథ అది.

మాసీ ట్రాక్టరు పైన ఎరుపు, కింద బూడిదరంగు ఎందుకో తెలుసా?

అందం కోసం ఎవరో కూర్చుని ఎంచిన జంట కాదది. రెండు కంపెనీల పెళ్లికి గుర్తు. కెనడాకు చెందిన మాసీ హారిస్ బళ్లు ఎర్రగా ఉండేవి. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ బళ్లు బూడిదరంగులో ఉండేవి. 1953లో రెండు కంపెనీలూ కలిశాయి. కలిసిన కొన్నేళ్ల దాకా ఎవరి బండి వారిదే, ఎవరి రంగు వారిదే. 1957 చివరికి ‘35’ మోడలుకు మాసీ ఎరుపు బానెట్టు మీదికీ, ఫెర్గూసన్ బూడిదరంగు ఇంజను, గేరుబాక్సుల మీదికీ వచ్చాయి. మరుసటి ఏడు కంపెనీ పేరే మాసీ ఫెర్గూసన్ అయింది. 1960లో మద్రాసులో ‘టాఫే’ పుట్టి ఆ బళ్లను మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. గోదావరి జిల్లాల్లో మాసీ 1035 తెలియని రైతు ఉండడు. దమ్ములో బురద కొట్టుకుపోయి రంగు కనిపించని రోజున కూడా, గట్టెక్కి కడిగితే బయటపడేవి ఆ రెండు రంగులే.

ఫెర్గూసన్ తన బండికి ఒక్క రంగే వేశాడు, తెలుసా?

1946 నుంచి 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన ఆయన ‘టీఈ 20’ ట్రాక్టర్లు 5 లక్షలకు పైనే. అన్నీ బూడిదరంగువే. గీతలు లేవు, మెరుపులు లేవు. బానెట్టు నున్నగా ముందుకు వంగి ఉంటుంది. ఆయన ప్రాణమంతా వెనక పెట్టాడు. నాగలిని మూడు చోట్ల పట్టి హైడ్రాలిక్‌తో ఎత్తీ దించే ఏర్పాటు ఆయన చలవే. ఇవాళ మన కల్టివేటరు, రోటోవేటరు ఏ కంపెనీ బండికైనా తగులుకుంటున్నాయంటే ఆ మూడు కొక్కేల పద్ధతి వల్లే. ట్రాక్టరు చరిత్రలో ఇంతకంటే గొప్ప అలంకారం లేదని నా అభిప్రాయం. చూసేవాడికి కాదు, దున్నేవాడికి ఉపయోగపడే అలంకారం.

ఆ బూడిద బండికి ఫ్రెంచివాళ్లు ముద్దుగా ‘చిన్న బూడిదది’ అనే అర్థం వచ్చే ‘పెతీ గ్రీ’ అన్న పేరు పెట్టుకున్నారు. 1953లో పారిస్ పక్కనున్న సెంత్ దెనీలో కూడా దాని తయారీ మొదలైంది. అప్పటికి యానాం మీద ఫ్రెంచి జెండాయే ఎగురుతోంది. 1954లో ఆ పాలన ముగిసింది. న్యూజిలాండుకు చెందిన ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు ఎక్కినవాడుగానే మనకు తెలుసు. 1958 జనవరి 4న ఆయన దక్షిణ ధ్రువం చేరింది ఈ ఫెర్గూసన్ ట్రాక్టర్ల చక్రాల చుట్టూ పట్టాలు తొడిగి నడుపుకుంటూనే.

మహీంద్రా 275లో 275 అంటే హార్స్ పవరు కాదు

అంత పవరు మన పొలాల్లో ఎవరికీ అక్కర్లేదు. అది ఇంటిపేరు లాంటిది. 1963లో మహీంద్రా, వోల్టాస్, అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కలిసి బొంబాయిలో ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ పెట్టాయి. వాళ్లు తెచ్చిన బండి బి-275. అంతకు ముందు 1958 నుంచి ఇంగ్లండులోని డాన్‌కాస్టర్‌లో తయారవుతున్నదే. దాని పవరు 35 చిల్లర. 1977లో ఆ కంపెనీ మహీంద్రాలో కలిసిపోయింది. బానెట్టు మారింది, దీపాలు మారాయి, సీటు మారింది. అంకె మాత్రం 275 డీఐ పేరులో నేటికీ బతికే ఉంది. మహీంద్రా ఎరుపు కూడా పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన ఫార్మాల్ ట్రాక్టర్లకు మొదట బూడిదరంగే వేసేది. 1936లో ఎరుపుకు మారింది. రోడ్డెక్కినప్పుడు ఎదురుగా వచ్చే కార్లవాళ్లకు దూరం నుంచే కనబడాలని అలా మార్చారని చెబుతారు. సంధ్యవేళ గట్టు రోడ్ల మీద లైటు లేకుండా వెళ్లే ట్రక్కుల్ని చూసిన మనకు ఆ కారణం ఎంత విలువైనదో ఎవరూ చెప్పక్కర్లేదు.

ట్రాక్టరుకు ముఖం చెక్కినవాళ్లలో ఒకడు పారిస్ బిడ్డ

పేరు రేమండ్ లోవీ. 1893లో పారిస్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి 1919లో అమెరికా వెళ్లాడు. రైలింజన్లు, కార్లు, ఇంట్లో వాడే ఫ్రిజ్‌లు, అన్నిటికీ ఆకారం దిద్దిన మనిషి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఆయన్ని పిలిచి ట్రాక్టర్లు అప్పగించింది. 1939లో వచ్చిన ఫార్మాల్ బళ్ల నున్నటి ఎర్ర బానెట్టు ఆయన చేతి పనే. ఆ కంపెనీ గుర్తు కూడా ఆయనదే. నల్లటి ‘హెచ్’ అక్షరం మధ్యలో ఎర్రటి చిన్న ‘ఐ’. తీక్షణంగా చూస్తే ట్రాక్టరు ఎక్కి ఎదురుగా వస్తున్న రైతు కనిపిస్తాడు. రెండు పెద్ద చక్రాలు, నడుమ మనిషి తల! చిన్నప్పుడు ఆ గుర్తును అక్షరాలుగానే చదివాను. రైతు కనిపించినది చాలా ఏళ్ల తరవాత. ఒకసారి కనిపించాక మళ్లీ అక్షరాలు కనబడవు.

అదే రోజుల్లో పోటీ కంపెనీ జాన్ డీర్ హెన్రీ డ్రెఫస్‌ని పట్టుకుంది. మన పెద్దవాళ్లకు బాగా తెలిసిన నల్ల టెలిఫోను రూపం వెనక ఉన్న మనిషి ఆయన. 1938లో ఆయన దిద్దిన ‘ఏ’, ‘బి’ మోడళ్లు బజారుకొచ్చాయి. రేడియేటరు ముందు జాలీ పెట్టాడు, చెత్తా చెదారం పట్టకుండా. బానెట్టు సన్నం చేశాడు, సాలు కనబడేలా. అంతకు ముందు ట్రాక్టరంటే ఇంజను, గొట్టాలు, చక్రాలు బయటకు కనబడే ఇనుప గంప. ఆ తరవాతే దానికి ముఖమంటూ ఏర్పడింది. పాతకాలపు అందం అని మనం మెచ్చుకునేదంతా ఆ కాలానికి కొత్త ఫ్యాషనే!

లోకం వదిలేసిన ఇనుప చక్రం కోనసీమలో ఇంకా తిరుగుతోంది

తొలినాళ్ల ట్రాక్టర్లకు రబ్బరు టైర్లు లేవు, ఇనుప పళ్ల చక్రాలే. 1932లో అమెరికాలో ఆలిస్ చామర్స్ కంపెనీ గాలి టైర్లు వేసింది. రైతులు నమ్మలేదు, మెత్తటి రబ్బరు నేలను ఏం పడుతుందని. 1933లో కారు పందేల వీరుడు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ చేత ట్రాక్టరు నడిపించి గంటకు 100 కిలోమీటర్లు దాటించారు. ఆ తరవాత రబ్బరుకు తిరుగు లేకపోయింది. ఇదే కంపెనీ బళ్ల నారింజ రంగుకు కాలిఫోర్నియా కొండల మీద విరబూసిన పాపీ పూలు కారణమంటారు.

మరి మన దగ్గర? ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవలకు నీళ్లొదలగానే సార్వా దమ్ములు మొదలు. మడి నిండా నీళ్లు, మోకాలి లోతు ఒండ్రు. అక్కడ రబ్బరు టైరు జారిపోతుంది, తిరిగినచోటే తిరుగుతుంది. అందుకని టైర్లు ఊడదీసి ఇనుప కేజీ వీల్సు బిగిస్తారు, లేకపోతే టైర్ల పక్కన సగం కేజీలు తగిలిస్తారు. బురదను చిలికేది, గడ్డిని అణగదొక్కేది, బండిని తేల్చి ఉంచేది అవే. షోరూములో ఎంత కొత్తగా మెరిసిన బండైనా దమ్ములోకి దిగితే 1920ల నాటి రూపంలోకి వెళ్లిపోతుంది. యానాం పక్కన కనకాలపేట, మెట్టకూరు వైపు గానీ, వారధి దాటి ఎదుర్లంక వైపు గానీ ఊడ్పుల ముందు వెళ్లండి, స్వయంగా చూడొచ్చు. ఒక్క మాట, ఆ చక్రాలతో తారు రోడ్డెక్కడం నేరం. రోడ్డును కోసేస్తాయి.

సైలెన్సరు ఆకాశం వైపు ఎందుకు చూస్తుంది?

పొగ డ్రైవరు ముఖానికి తగలకుండా పైకిపోవాలి. గొట్టంలోకి బురద నీళ్లు చేరకూడదు. ఎండుగడ్డి, కుప్పల మధ్య తిరిగే బండి నిప్పురవ్వను నేలబారున వదలకూడదు. పండ్లతోటల్లో మాత్రం ఈ నిలువు గొట్టం కొమ్మలకు అడ్డం. అందుకే తోటల కోసం చేసే పొట్టి బళ్లకు గొట్టాన్ని కిందుగా పక్కకు తిప్పుతారు. వరి మడి ఒక ఆకారం అడుగుతుంది, తోట ఇంకో ఆకారం అడుగుతుంది.

పాత ఇనుప సీటుకు చిల్లులు పెట్టడం కూడా ఇలాంటిదే. వాన నీళ్లు నిలవకుండా, కూర్చున్నవాడికి గాలి ఆడేలా. కింద ఒకే ఒక ఉక్కు పట్టీ స్ప్రింగు. నడుము నొప్పి మాత్రం బాగానే మిగిల్చింది ఆ సీటు. కొత్త బళ్ల మెత్తటి సీట్ల విషయంలో పాతకాలం మీద నాకు ఏ బెంగా లేదు.

అద్దాల క్యాబిను ఇప్పటి మాట కాదు

1938లోనే మినియాపోలిస్ మోలిన్ అనే అమెరికా కంపెనీ తలుపులు, అద్దాలు, హీటరు, రేడియోతో ఒక ట్రాక్టరు చేసింది. పగలు దున్నుకుని, సాయంత్రం భార్యను ఎక్కించుకుని బస్తీకి వెళ్లొచ్చని ప్రచారం. సుమారు 150 బళ్లకే కథ ముగిసింది. పొలానికి ఇంత సోకా అని రైతులు ముఖం తిప్పుకున్నారు. దాదాపు ఎనభై ఏళ్ల తరవాత మన మహీంద్రా నోవోకు ఏసీ క్యాబిను వచ్చింది. ఏప్రిల్ ఎండలో దాళ్వా కోతల వేళ ట్రక్కు తోలే కుర్రాణ్ని అడగండి, అది సోకో అవసరమో.

కార్ల పేరు, ట్రాక్టర్ల పుట్టుక

లాంబోర్గిని కార్లకు ముందు ట్రాక్టర్లు చేసింది, 1948 నుంచి. పోర్షే పేరుతో 1956 నుంచి 1963 దాకా ఎర్రటి డీజిలు ట్రాక్టర్లొచ్చాయి. మనకు దగ్గరి కబురు: మహీంద్రా 2023లో తెచ్చిన ‘ఓజా’ చిన్న ట్రాక్టర్లు తెలంగాణలోని జహీరాబాద్‌లో తయారవుతున్నాయి. పేరు సంస్కృత ‘ఓజస్సు’ నుంచి. పంజాబులో 1974లో మొదలైన స్వరాజ్, పూర్తిగా మన ఇంజనీర్ల రూపకల్పన. దుర్గాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో గీసిన బండి అది. ఏ విదేశీ ముఖాన్నీ అరువు తెచ్చుకోలేదు.

కొత్త బళ్ల బానెట్టు పొడవు పెరగడం ఫ్యాషనొక్కటే కాదు

2023 జనవరి 1 నుంచి 50 హార్స్ పవరు దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. పొగను శుభ్రం చేసే సామాను, ఎలక్ట్రానిక్ పంపు, సెన్సార్లు అన్నీ బానెట్టు కిందే సర్దాలి. నాలుగు చక్రాలకూ పవరున్న బళ్లకు ముందు టైర్లు పెద్దవయ్యాయి, దాంతో ముక్కు పైకి లేచింది. ఇవి మంచికే. కాని గుండ్రటి పాత దీపం పగిలితే సంత దగ్గరి కొట్లో అద్దం దొరికేది, రైతే బిగించుకునేవాడు. ఇప్పటి దీపం పగిలితే మొత్తం పెట్టె మార్చాలి. ఆకారం దిద్దేవాళ్లు మన మడి గట్టు మీదికొచ్చి, రేగడి బురద కాళ్లతో ఒక పూట నిలబడి గీస్తే బావుంటుంది. డ్రెఫస్ బానెట్టు సన్నం చేసింది సాలు కనబడాలనే కదా.

చివరగా ఒక విన్నపం

మన దేశంలో ఏటా లక్షల కొద్దీ కొత్త ట్రాక్టర్లు అమ్ముడవుతున్నాయి. ఆ లెక్కన పాతవి పాత ఇనుముకు పోతున్నాయి. గొడ్ల చావిడి పక్కన, చింతచెట్టు కింద తుప్పు పడుతున్న బి-275 గానీ, తొలినాటి మాసీ గానీ మీ ఇంట్లో ఉంటే కిలోల లెక్కన తూయించకండి. ఆర్సీ పుస్తకం దాచండి. దాని ఫొటోలు నాలుగు పక్కల నుంచీ తీయించండి. ఏ ఏడు కొన్నారు, ఎవరు తోలారు, ఎన్ని ఎకరాలు దున్నింది, వారధి రాకముందు పంటు మీద గౌతమి దాటిందా, ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక నోటుపుస్తకంలో రాయించండి. యానాంలో గౌతమి ఒడ్డున విగ్రహాలున్నాయి, ఊళ్లో ఎత్తైన టవరుంది. వాటి పక్కన ఒక పాత ట్రాక్టరును, దాని అసలు రంగులోనే, కేజీ వీల్సుతో సహా నిలబెట్టమని పురపాలకుల్ని అడుగుదాం.