కాటేసే విషం... క్యాన్సర్‌ను కట్టేస్తుందా?

తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలిలాంటి ఊళ్లలో చీకటి పడ్డాక పొలానికి వెళ్లాలంటే చేతిలో కర్ర, టార్చిలైటు ఉండాల్సిందే. ఏ గట్టు మీద ఏ రక్తపింజరి చుట్ట చుట్టుకుని ఉందో ఎవరికి తెలుసు? ఆ పేరు వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. అలాంటి పాముల విషంలోనే చర్మ క్యాన్సర్‌కు మందు వెతుకుతున్నారు శాస్త్రవేత్తలు!

భయం ఉత్తదేం కాదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తెలుగునేలా ఉంది.

కొక్కేలకు అడ్డు

పాము విషం ఒకే పదార్థం కాదు, రకరకాల ప్రొటీన్ల మిశ్రమం. పింజరి జాతి విషంలోని ‘డిసింటెగ్రిన్లు’ వాటిలో కొన్ని. మనకు గాయమైతే రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని రక్తం కారకుండా ఆపుతాయి. అలా అతుక్కోవడానికి వాటి మీద ‘ఇంటెగ్రిన్లు’ అనే కొక్కేల్లాంటివి ఉంటాయి. డిసింటెగ్రిన్లు వెళ్లి ఆ కొక్కేలను పట్టేసుకుంటాయి. పింజరి కాటేస్తే రక్తం ఆగకపోవడానికి ఇదీ ఓ కారణమే.

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే మెలనోమా చాలా ప్రమాదకరమైన క్యాన్సర్. ఆ కణాలు ఊపిరితిత్తులకో కాలేయానికో చేరి పాతుకుపోవడానికి వాడుకునేదీ ఇలాంటి కొక్కేలనే. వాటిని మూసేస్తే? ఎడారి పింజరి ఒకదాని విషం నుంచి తీసిన ‘ఎరిస్టోస్టాటిన్’ ఎలుకల్లో మెలనోమా వ్యాప్తిని తగ్గించినట్లు 1990ల్లోనే తేలింది. మన రక్తపింజరి విషంలోని ఓ ప్రొటీన్ ప్రయోగశాలలో రక్త క్యాన్సర్ కణాలను చంపినట్లు కలకత్తా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు.

విషం మందు కావడం కొత్తేమీ కాదు. బ్రెజిల్ పాము విషం ఆధారంగా తయారైన రక్తపోటు మాత్ర ‘కాప్టోప్రిల్’కు అమెరికాలో 1981లో అనుమతి దొరికింది. చిన్నపింజరి విషంలోని డిసింటెగ్రిన్ చూపిన దారిలో తయారైన ‘టైరోఫిబాన్’ 1998 నుంచి గుండె రోగులకు అందుతోంది.

అంత సులువు కాదు

మరి చర్మ క్యాన్సర్‌కు? పాము విషంతో చేసిన క్యాన్సర్ మందేదీ ఇంకా ఆమోదం పొందలేదు. ఆ కొక్కేలు ఆరోగ్యంగా ఉన్న కణాలకూ ఉంటాయి. వాటి జోలికి వెళ్లకుండా జబ్బు కణాలనే పట్టుకోవాలి. పైగా బయటి ప్రొటీన్‌ను శరీరం శత్రువుగా భావించి తిప్పికొట్టవచ్చు. అందుకే విషంతో క్యాన్సర్ నయం చేస్తామని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

ఇప్పటికైతే విషం కాపాడుతున్నది పాము కరిచినవారినే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ సంస్థ విరుగుడు ఇంజెక్షన్లు తయారుచేస్తోంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలతో చేసే మందిది. కాటు పడితే నాటువైద్యం కోసం తిరగకుండా సర్కారు దవాఖానాకు పరుగెత్తాలి.

మనవాళ్లలో మెలనోమా తరచూ అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద కనిపిస్తుంది. ముల్లు గుచ్చుకుందనో, దెబ్బ తగిలిందనో వదిలేస్తుంటారు. పెరుగుతున్న, రంగు మారుతున్న, రక్తం కారుతున్న మచ్చ ఉంటే వెంటనే చర్మవైద్యుడికి చూపించాలి. తొలిదశలో చిన్న శస్త్రచికిత్సతోనే పోయే జబ్బు అది. విషం మందయ్యే రోజు కోసం అప్పటిదాకా ఆగనక్కర్లేదు!