వాంతిమందును, ఒంటిలోని ఉప్పును

వైద్యము నా విద్య కాదు. 35 ఏండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పినవాడను. అయినను మా కృష్ణగిరిలో మొన్నటి వేసవిని నేను చేసిన యొక పొరపాటును మీకు తెలుపుట మేలని తలచితిని.

మా పొరుగింట 70 ఏండ్ల వృద్ధురాలు కలదు. నాకు అక్క వరుస. ఆమెకు వాంతులు పట్టుకొనగా, ఆదోనినుండి తెచ్చిన వాంతిమాత్రలు రెండు దినములు మ్రింగినది. “ఎండలు మెండు, నీరు బాగుగా త్రాగుమక్కా” యని నేనే చెంబులకొలది మంచినీరిప్పించితిని. మూడవనాడు, ఎమ్మిగనూరున మగ్గము నేయు కొడుకు వచ్చి యెదుట నిలువగా, “ఎవరు నాయనా నీవు?” అని యడిగినది. కొందఱు ముసలితనపు మఱపనిరి. కొందఱు గాలి సోకినదనిరి. ఆసుపత్రిలో రక్తము పరీక్షించి, సోడియము 118కి దిగినదని చెప్పిరి.

సోడియమనగా మనము తినెడి యుప్పులోని యొక భాగము. లీటరు రక్తరసములో నిది 135 మొదలు 145 మిల్లీమోలులవఱకు నుండవలెను. ఉప్పు పోయినప్పుడు మాత్రమే యిది తగ్గునని యనుకొనరాదు. చారులో ఉప్పు సరిగానే యున్నను, నీరు ఎక్కువైనచో చప్పనగును గదా! రక్తమునందును అట్లే.

నీరు ఏల నిలుచును? మెదడునుండి పుట్టు వాసోప్రెస్సిన్ అను రసము, నీటిని పోనీయవలదని మూత్రపిండములకు ఆజ్ఞ యిచ్చును. కడుపులో త్రిప్పుటయే యీ రసమును బలముగా పుట్టించును. వాంతుల నాపుటకిచ్చు మెటోక్లోప్రమైడ్ వంటి కొన్ని మందులును అరుదుగా ఆ పనియే చేయును. అప్పుడు త్రాగిన నీరు వెలికి పోక, రక్తమును పలుచపఱచి, మెదడులోని కణములలో జొచ్చి వానిని ఉబ్బించును. గట్టి పుఱ్ఱెలో ఉబ్బుటకు చోటెక్కడిది? అందుచేతనే తలనొప్పి, తికమక, మూర్ఛ, తుదకు ప్రాణభయము.

ఇందొక చిక్కు కలదు. సోడియము తగ్గినను కడుపులో వికారమే పుట్టును. వికారముచే సోడియము తగ్గును. సోడియము తగ్గుటచే వికారము హెచ్చును. ఇది బీజాంకురన్యాయము. వాంతి తగ్గలేదని మఱియొక మాత్ర, మఱియొక చెంబు నీరు ఇచ్చినకొలది కీడు పెరుగును. వృద్ధులకును, రక్తపోటునకై మూత్రము నెక్కువచేయు మాత్రలు వాడువారికిని ఈ భయ మధికము.

వాంతిమందు చెడ్డదని నేననను; పెక్కుమందికి మేలే చేయును. వాంతులు, భేదులు కలిగినప్పుడు వట్టినీటికి మాఱుగా ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లముమీది కొలత చొప్పున కలిపి, గుటకగుటకగా నీయుడు. ఇది ముందుజాగ్రత్తయే, మాట తడబడినవారికి, హఠాత్తుగా మఱపు వచ్చినవారికి ఇది మందు కాదు. అట్టివారిని వెంటనే ఆసుపత్రికి, వాడిన మాత్రలన్నిటితో గూడ, కొనిపోవలెను. సోడియము పరీక్షింపుడని అడుగుటకు సంకోచింపవలదు. ఇంటివద్ద నోట ఉప్పు పోయరాదు. దిగిన సోడియమును త్వరగా నెక్కించినను మెదడునకు హానియే. కావుననే వైద్యులు దినమునకు 8, 10 మిల్లీమోలులు మించకుండ నిదానముగా నెక్కింతురు.

మా అక్క వారము దినములకు కోలుకొన్నది. ఇప్పుడు కొడుకును పేరుపెట్టియే తిట్టుచున్నది. పెద్దవారి మఱపునెల్ల ముసలితనముమీద త్రోయకుడని విన్నవించి, సెలవు గైకొనుచున్నాను.