రక్తం రిపోర్టులో కాలి కబురు

నల్లగొండలో కాళ్ల జబ్బు అనగానే ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. ఆ వంకర కాళ్లు కంటికి కనిపిస్తాయి. ఇక్కడ చెప్పేది బయటికి కనిపించని జబ్బు. కాలికి రక్తం తీసుకెళ్లే ధమనుల్లో కొవ్వు, కాల్షియం పేరుకుని దారి సన్నబడుతుంది. షుగరు, బీడీ, చుట్ట దీనికి పెద్ద దోస్తులు.

మొదట్లో కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, నిలబడితే తగ్గుతుంది. వయసు మీద పడ్డదిలే అనుకుంటారు. ముదిరాక రాత్రిపూట పడుకుంటే పాదం నొప్పి. కాలు మంచం కిందికి వేలాడదీస్తే కాస్త హాయి, ఎందుకంటే గురుత్వాకర్షణ రక్తాన్ని కిందికి దింపుతుంది. ధమని మూసుకుపోయినవాళ్లకు ఈ నొప్పి గానీ, వేలిమీద మానని పుండు గానీ రెండు వారాలు దాటితే కాలే పోయే ప్రమాదం ఉంది.

మనం ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిందే: పైపు వ్యాసార్థం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. ఒళ్లు పైపు కాదు, పక్కదారులు వేసుకుంటుంది. అయినా లెక్క భయపెట్టేదే. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే జబ్బు ఉన్నట్టు. చిక్కేమిటంటే, షుగరు ఉన్న కొందరిలో ధమని గట్టిపడి బీపీ పట్టీకి నొక్కుకోదు, అంకె బాగున్నట్టే చూపిస్తుంది. అప్పుడు బొటనవేలి ప్రెషర్ కొలుస్తారు.

చికిత్స రెండు దారులు: కాలి సిరతో బైపాస్, లేదా బెలూన్, స్టెంట్. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్‌ఐ ట్రయల్‌లో మంచి సిర ఉన్నవాళ్లకు బైపాస్ మేలని తేలింది. 2023లో బ్యాసిల్-2 మోకాలి కింది ధమనుల విషయంలో బెలూన్ వైపే మొగ్గింది. ఏ మనిషికి ఏది అన్నది తేలలేదు. రక్తంలో జాడలు వెతకడం ఇందుకే.

అన్నిటికన్నా చవకైన జాడ మామూలు సీబీపీ రిపోర్టులోనే ఉంటుంది. న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగించండి. 60, 30 ఉంటే 2. 75, 15 ఉంటే 5. వాపు, ఇన్ఫెక్షన్ ముదిరితే మొదటిది పెరుగుతుంది, ఒళ్లు ఒత్తిడిలో ఉంటే రెండోది తగ్గుతుంది. ఈ నిష్పత్తి ఎక్కువున్నవాళ్లలో చికిత్స తర్వాత కాలు తీసేయడం, మరణాలు ఎక్కువని చాలా అధ్యయనాలు చూపాయి. ఆల్బుమిన్ తగ్గినా అదే కథ.

కానీ ఇది బైకు డ్యాష్‌బోర్డులో వెలిగే ఎర్రలైటు లాంటిదే. చీము పట్టిన వేలైనా, న్యుమోనియా అయినా అదే అంకె పెంచుతుంది. బైపాసా, బెలూనా అని అది చెప్పదు.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అక్కడ 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పాదం మీద నాడి చూడ్డానికి రెండు వేళ్లు చాలు, మిషను అక్కర్లేదు. పుండుకు ఆకు పసరు కట్టి నెల ఆగి వస్తే, నిష్పత్తి 2 ఉన్నా 5 ఉన్నా, నల్లబడ్డ వేలు మళ్లీ రాదు.