ఒకే కారు – రెండు కాపరాలు

జట్కాబండి ఎక్కిన తరంవారికి కమాన్లంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఇనుప పట్టీలను ఒకదానికింద ఒకటి పేర్చి ఇరుసుకూ బండికీ మధ్య బిగించేవారు. చక్రం గతుకులో పడితే ఆ కుదుపులో సగం కమాను మింగేది; మిగతా సగం ప్రయాణీకుడి నడుముకు దక్కేది. 2014లో తయారీ ఆగిపోయేవరకు మన అంబాసిడరు కారు వెనక చక్రాలకు ఆ కమాన్లనే నమ్ముకున్నది. ఇప్పటి చిన్నకార్లలో వాటి స్థానాన్ని చుట్టల స్ప్రింగు ఆక్రమించింది. ఇంక నడుములకు భయం లేదని పెద్దవాళ్ళు సంతోషిస్తూ వుంటే, కుర్రవాళ్ళు ఆ స్ప్రింగులను కాస్తా విప్పించి "కాయిలోవర్లు" అనే కొత్త సరుకు బిగించుకుంటున్నారు. వీటి ఖరీదును మా బోటివాళ్ళం నెలజీతాలతో కొలుచుకోవలసిందే. కనుక ఇంట్లో కారూ, కారుతోపాటు పాతికేళ్ళ కొడుకూ వున్నవారు ఈ సంగతి కొంచెం తెలుసుకోవడం మంచిది.

నాకీ గొడవ మా మేనల్లుడి మూలాన వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం వాడికి. కారు పోలో, మనదేశంలో 2010 నుంచి 2022 దాకా అమ్మిన బండి. వారమంతా ఆ కారు ఆఫీసుకు పోతుంది. పదిహేను రోజులకొకసారి మా బావగారిని ఆస్పత్రికి తీసుకుపోతుంది. ఆయనకు వెన్నుపూస ఆపరేషను అయింది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు మాత్రం అదే కారు మద్రాసు దారి పడుతుంది. శ్రీపెరుంబుదూరు అనగానే నాకు రామానుజులవారు జ్ఞాపకం వస్తారు. మావాడికి ఆ పక్కనే ఇరుంగాట్టుకోట్టైలో వున్న కారు పందేల బాట జ్ఞాపకం వస్తుంది. వెనకటికి షోలవరంలో, యుద్ధకాలపు పాత విమానాల రన్‌వేమీద పందేలు జరిగేవి. 1990లో ఈ బాట వచ్చింది. చుట్టు కొలత సుమారు 3.7 కిలోమీటర్లు. పందేలు లేని కొన్ని రోజుల్లో రుసుము చెల్లించినవారు సొంతకారు తెచ్చుకుని అక్కడ వేగంగా నడుపుకోవచ్చు. దాన్ని "ట్రాక్ డే" అంటారు.

మా అక్కయ్య ఫోను చేసింది. "ఒరే, వీడు కారును బల్లచెక్క చేస్తానంటున్నాడు. మీ బావ నడుమేం కాను? నీ మాటయితే వింటాడు, ఓసారి రా" అన్నది. వెళ్ళాను. రెండు రోజులు మావాడితోనూ, వాడి మెకానిక్కుతోనూ కూర్చుని, కాగితంమీద లెక్కలు కట్టి తేల్చుకున్నదంతా ఇక్కడ వ్రాస్తున్నాను.

కాయిలోవరంటే

షాకబ్జార్బరు అనే నూనెగొట్టం చుట్టూ స్ప్రింగు తొడిగితే అది కాయిలోవరు. ఇందులో వింతేమీ లేదు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికను ఇంజనీరు ఇల్లాంటి ఏర్పాటు చేస్తే, 1950 దశకం మొదట్లోనే ఇంగ్లండులో ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లకు అమర్చారు. ఈనాడు చాలా చిన్నకార్ల ముందు చక్రాలకు వుండేది అదే. కొత్త సరుకులో తేడా ఏమిటంటే, ఆ గొట్టానికి బయట మర కోసి వుంటుంది. స్ప్రింగును మోసే పళ్ళెం ఆ మరమీద నట్టులాగా తిరుగుతుంది. పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది.

నట్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు స్ప్రింగు గట్టిపడదు; కారు లేస్తుంది, అంతే. గట్టిదనం తీగ లావులోనూ, చుట్టల వెడల్పులోనూ, వాటి లెక్కలోనూ వుంటుంది.

ఇంకొక సంగతి: పోలో కారుకు వెనకవైపు స్ప్రింగు వేరుగా, షాకబ్జార్బరు వేరుగా వుంటాయి. కాబట్టి దుకాణంలో "నాలుగు కాయిలోవర్లు" అని పెట్టె ఇచ్చినా, నిజమైన కాయిలోవర్లు ముందువి రెండే.

ఎవరి పని వారిది

స్ప్రింగు బరువు మోస్తుంది. షాకబ్జార్బరు బరువు మొయ్యదు. స్ప్రింగు ఎగిరే ఎగురుడును అణుస్తుంది. అది లేకపోతే ఒక గతుకు దాటిన కారు, పిల్లవాడు దిగిపోయిన ఊయలలాగా చాలాసేపు ఊగుతూనే వుంటుంది. లోపలి నూనె సన్నని కంతలగుండా పోతూ ఆ ఊపును వేడిగా మారుస్తుంది. స్ప్రింగు గట్టిపడేకొద్దీ దానిని అణిచే చెయ్యి కూడా గట్టిదే కావాలి. పాత షాకబ్జార్బర్లమీద గట్టి స్ప్రింగులు మాత్రం వేయించేవారు ఈ ముక్క మరిచిపోతారు.

"గట్టిగా వుంటేనే గదా మావయ్యా, మలుపులో కారు ఒరగకుండా వుంటుంది?" అన్నాడు మావాడు.

ఒరగడం తగ్గుతుంది, నిజమే. కాని మలుపులో కారును పట్టి వుంచేది స్ప్రింగు కాదు, టైరు. టైరు నేలను ఒత్తి వున్నంతసేపే దాని పట్టు. స్ప్రింగు మరీ బిరుసయితే చిన్న ఎగుడుదిగుడుకే చక్రం గంతు వేస్తుంది. అది గాలిలో వున్న ఆ లిప్తపాటు బ్రేకూ పని చెయ్యదు, స్టీరింగూ పని చెయ్యదు. మద్దెలతోలులాంటి నున్నని బాటమీద పనికివచ్చే గట్టిదనం వేరు. గతుకుల దారిమీద పనికివచ్చేది వేరు.

మెకానిక్కు ఇదే ముక్క తన భాషలో చెప్పాడు: "రోడ్డు గట్టిగుండె, టైరు గట్టిగుండె, స్ప్రింగు గూడ గట్టిగైతె మెత్తగుండాల్సింది ఇగ మన నడుమే గద సార్!"

లెక్క చూద్దాం

మావాడి స్నేహితుడొకడు ముందు చక్రాలకు 11 కిలోల స్ప్రింగులు వేయించాడట. అంటే స్ప్రింగు ఒక్క మిల్లీమీటరు నొక్కుకుపోవాలంటే 11 కిలోల బరువు కావాలి. మావాడికి అవే కావాలి. "ఎందుకురా?" అంటే, "వాడికి వున్నాయి" అన్నాడు. పట్టుచీరల దుకాణంలో వినబడే తర్కమే ఇది.

ఊయలకు తనదంటూ ఒక ఊపు వున్నట్లే కారుకూ వుంటుంది. మామూలు కార్లు సెకండుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేటట్లు తయారుచేస్తారు. ఇంటికీ బాటకూ రెంటికీ నడిపే కారుకు రెండు సార్లు దాకా తట్టుకోవచ్చు. మూడూ, ఆపైన వుండేవి రెక్కలు కట్టి, గాలి ఒత్తిడితో నేలకు అదుముకుపోయే పందెపు కార్లకు.

మావాడి కారు సుమారు 1,100 కిలోలు. ఇంజను ముందే వుండటంవల్ల ముందు భాగం బరువు. ఒక్కొక్క ముందు చక్రంమీద సుమారు 350 కిలోలు పడుతుందనుకుందాం. అందులో చక్రం, బ్రేకు వగైరా 40 కిలోలు తీసివేస్తే స్ప్రింగు మోసేది 310. ఈ కారులో ముందు స్ప్రింగు దాదాపు చక్రంతో సమానంగా కదులుతుంది కనుక లెక్క సులభం. సెకండుకు 1.3 ఊపులకు 2.1 కిలోల స్ప్రింగు చాలు. 2 ఊపులకు 5 కిలోలు కావాలి. 11 కిలోలు వేస్తే ఊపులు 3 అవుతాయి! కారుకు రెక్కలు లేవు, గట్టిదనం మాత్రం రెక్కల కారుది.

ఈ అంకెలను ఒక కారునుంచి మరొక కారుకు మోసుకుపోకూడదు. కొన్ని కార్లలో చక్రం పది అంగుళాలు లేస్తే స్ప్రింగు ఏడు అంగుళాలే నొక్కుకుంటుంది. అక్కడ చక్రం దగ్గర తెలిసే గట్టిదనం స్ప్రింగు గట్టిదనంలో సగంకన్నా తక్కువ, నూటికి 49 వంతులు మాత్రమే. అందుకే స్నేహితుడి కారు వేరే రకమైతే వాడి అంకె మనకు ఎందుకూ కొరగాదు.

వెనక స్ప్రింగుల సంగతి కూడా ఒకటుంది. 1930 దశకంలో జనరల్ మోటార్సులో పనిచేసిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు ఒక కిటుకు చెప్పాడు. గతుకు ముందు చక్రాలకు ముందు తగులుతుంది, వెనకవాటికి తరువాత. వెనక భాగం కొంచెం త్వరగా ఊగేటట్లు చేస్తే అది ముందు భాగాన్ని అందుకుంటుంది. కారు తల ఊపకుండా సమంగా కుదుటపడుతుంది. నడుమునొప్పి మనుషులకు ఈ తల ఊపుడే ప్రాణాంతకం.

లెక్కలకన్నా గట్టి సాక్ష్యం మా బావగారే ఇచ్చారు. ఆ 11 కిలోల కారు ఎక్కించి వీధి చివరిదాకా తీసుకుపోయారు ఆయనను. మూడో స్పీడు బ్రేకరు దగ్గర, "బాబూ, ఆపు. నేను నడిచి వస్తాను" అన్నారు. మావాడు మాట్లాడకుండా దిగి, తండ్రి పక్కనే నడిచి ఇంటికి వచ్చాడు. ఆ తరువాత 11 అనే అంకె మా ఇంట్లో వినబడలేదు.

దించడంలో నష్టం

కారును నేలకు దించితే చూపుకు బాగుంటుంది. బరువు కిందికి రావడం మలుపులకు మంచిదే. కాని చక్రం పైకి కదలడానికి వున్న జాగా ఆ మేరకు తగ్గుతుంది. జాగా అయిపోతే అడుగున రబ్బరు దిమ్మె తగిలి, స్ప్రింగు ఒక్కసారిగా రాయి అయిపోతుంది. పైగా ముందు చక్రాలను పట్టుకునే అడ్డచేతులు వంకర కోణంలోకి పోయి, మరీ దించిన కారు మలుపులో ఎక్కువగా ఒరగడం కూడా కద్దు. కొన్ని రకాల్లో స్ప్రింగు పళ్ళెంతోపాటు అడుగు భాగానికి కూడా వేరే మర వుంటుంది. వాటిని దించినా చక్రం కదిలే జాగా తగ్గదు. డబ్బు పెట్టేటప్పుడు అడగవలసినది ఇది. 15, 20 మిల్లీమీటర్లకు మించి దించకపోతే మన స్పీడు బ్రేకర్లతో వైరం వుండదు.

"ముప్ఫయి రెండు మెట్లు తిప్పుకోవచ్చు" అని అమ్మేవారు గొప్పగా చెబుతారు. చాలావాటిలో ఆ ఒక్క గుండీ నొక్కుడునూ, తిరిగి లేవడాన్నీ కలిపి బిగిస్తుంది. తిరిగి లేవడం మరీ బిగిస్తే చక్రం కిందికి రాకముందే రెండో గతుకు వస్తుంది; కారు మెట్టుమెట్టుగా కుంగిపోతుంది. మెట్ల లెక్క కన్నా, ప్రతి మెట్టులోనూ షాకబ్జార్బరు ఎంత బలం చూపిస్తుందో యంత్రంమీద కొలిచిన గీతాల కాగితం అడగడం మేలు. అది చూపించనివారి మెట్లు పూజగదిలో దీపాల వరుసలాంటివి, చూడటానికి బాగుంటాయి.

చట్టం మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను బండిలో మార్పులను గురించినది. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పందెపు బాటమీద నడిచేది ఒక రోజు. రోడ్డుమీద నడిచేది ఏడాదంతా. ప్రమాదం జరిగిన తరువాత బీమా కంపెనీవారు కారు కింద టార్చిలైటు వేసి చూస్తే చెప్పుకునే జవాబు ముందే వుండాలి. అందుచేత రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ వ్రాతపూర్వకంగా అడిగి, జవాబు చేతికి వచ్చాకనే డబ్బు కట్టమన్నాను.

మావాడు ఉత్తరాలు వ్రాశాడు. కాగితంమీద ఎంపిక అయిపోయింది: ముందు 5 కిలోలు, దించేది 15 మిల్లీమీటర్లు, వెనక ఊపు ముందుకన్నా కొంచెం ఎక్కువ. డబ్బు బ్యాంకులోనే వున్నది. ఈలోగా మంచి టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేకు నూనె వేయించి ఒకసారి బాటకు వెళ్ళి వచ్చాడు. "ఇదివరకటికన్నా ఆలస్యంగా బ్రేకు తొక్కినా కారు నిలిచింది మావయ్యా!" అన్నాడు. ఖర్చు కాయిలోవర్లకు అయ్యేదానిలో ఒక భాగమే.

కొనేముందు అయిదు ప్రశ్నలు

మీ అబ్బాయి కూడా ఈ సరుకు మీద మనసు పడితే కోప్పడి లాభం లేదు. ఈ ప్రశ్నలు చేతికివ్వండి. ఒకటి: మన కారు బరువుకు ఈ స్ప్రింగు సెకండుకు ఎన్ని ఊపులిస్తుంది? రెండు: దించిన తరువాత చక్రం పైకి కదలడానికి ఎంత జాగా మిగులుతుంది? మూడు: మన వానకూ బురదకూ మర తుప్పుపట్టినా, లోపలి సీలు కారినా, విప్పి బాగుచేసేవారు ఈ దేశంలో వున్నారా? నాలుగు: బిగించిన తరువాత చక్రాల అలైన్‌మెంటూ, హెడ్‌లైట్ల చూపూ సరిచేసి ఇచ్చేదెవరు? అయిదోది మాత్రం దుకాణంలో కాక ఇంట్లో అడగవలసింది: వెనక సీటులో కూర్చునేదెవరు?

మొదటి నాలుగింటికీ లెక్కలున్నాయి. అయిదోదానికి మూడు స్పీడు బ్రేకర్లు చాలు.